తల్లి మడిలో ఉప్పునీళ్ళు

సముద్రాన్ని నేను ఇంతవరకు చూడలేదు. కానీ దాని వాసన నాకు తెలుసు. మొన్న మొయినాబాద్‌లో పళ్ల డాక్టరు దగ్గర దవడ పన్ను పీకించుకుని, దూది కరుచుకుని బయటి గదిలో కూర్చున్నాను. అరగంట దాకా నోరు తెరవొద్దు, మాట్లాడొద్దు, ఉమ్మొద్దు అని డాక్టరు మూడుసార్లు చెప్పాడు. ఎదురుగా గోడకు ఆనించి ఒక చిన్న అద్దాల తొట్టి, అందులో రెండు నారింజ రంగు చేపలు. అక్కడ పనిచేసే ఆవిడ ఆ తొట్టిలోంచి సగం బకెట్టు నీళ్లు తోడి నా ముందు నుంచే బయటికి తీసుకుపోయింది. అప్పుడు తగిలింది ఆ వాసన. చేపల వాసన కాదు, ఉప్పు వాసనా కాదు. బాయిలోంచి అప్పుడే తీసిన రాయిని పగలగొడితే వచ్చేలాంటి పచ్చి వాసన. ఆవిడ మెట్ల పక్కన మల్లెపొద దగ్గర ఆగి బకెట్టు ఎత్తింది. ఆ తరువాత నేనేం చేశానో చివర చెబుతాను. ముందు పెంటయ్య బాపు సంగతి చెప్పాలి. ఆయన సంగతి తెలియకపోతే, పన్ను పీకించుకున్న మనిషికి పిచ్చి లేచిందనుకుంటారు. ఆ రోజు అక్కడున్నవాళ్లంతా అట్లాగే అనుకున్నారు.

పెంటయ్య బాపు నాకు చుట్టం కాదు. అజీజ్‌నగర్‌లో నేను వంటమనిషిగా చేరిన ఫాంహౌజులో ఆయన తోటమాలి. పట్నంలో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. ఆ మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు మంచి గాలి కావాలని మా వైపు పొలాలు కొన్నారు. నిన్న టమాటా, క్యారెట్టు, చామంతి ఉన్నచోట ఇవాళ గోడ, గోడకు గేటు, గేటు మీద కుక్క ఉన్నదని బోర్డు. ఆ గోడల్లో ఒకదాని లోపలి నేల పెంటయ్య బాపు వాళ్లదే. అన్నదమ్ములందరూ సంతకాలు పెట్టాక ఆయన ఒక్కడి సంతకం ఆగలేదు. తన చామంతి తోట ఉన్నచోటనే ఆయన తోటమాలి అయ్యాడు. నేను ముడిమ్యాల నుంచి, పెళ్లయిన మూడో ఏడు, మూడో తరగతి చదువుతో, వంట తప్ప ఇంకేమీ తెలియకుండా ఆ గేటు లోపలికి వెళ్లాను. నాకు అక్కడ పని నేర్పింది ఆయన. కోపం నేర్పిందీ ఆయనే.

ఆయనకు మాటంటే తిట్టే. చెట్టునూ తిట్టేవాడు. “ఏందే, పొద్దుగాల్నే కడుపునిండ నీళ్లు దాగితివి, మల్ల మొఖం ఏలాడేస్తవ్? నీ అయ్య జాగీరనుకున్నవా?” అని గులాబీ కొమ్మను నిలదీసేవాడు. నన్ను మొదటి రోజే తిట్టాడు. కూరగాయలు కడిగిన నీళ్లు సింకులో పారబోశానని.

“పిల్లా, మీ ముడిమ్యాలల బాయిలన్ని పొంగిపొర్లుతున్నయా?”

“లేదు బాపు, ఎండినయ్.”

“మరి గా నీళ్లు నీకేం అన్యాలం చేసినయని మోరీల తోలినవ్? నాకియ్యి.”

అప్పటి నుంచి బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు అన్నీ ఒక గాబులో పట్టి ఉంచేదాన్ని. అవి ఎక్కడికి పోయేవో చెప్పాలి, ఈ కథంతా అక్కడే ఉంది. వంటింటి వరండా కిందనే, నాలుగు మంచాలు పట్టేంత జాగాలో ఆయన ఒక చామంతి మడి ఉంచుకున్నాడు. పూల కోసం కాదు. చామంతి వేసేవాళ్లకు తెలుసు, పూత అయిపోయాక తోటంతా పీకేసినా కొన్ని తల్లి మొక్కలను ఎండాకాలమంతా కాపాడుకోవాలి. వాన పడగానే వాటి మొదట్లో పిలకలు లేస్తాయి. ఆ పిలకలు తెంపి నాటితేనే మళ్లీ తోట. తల్లి పోతే ఆ రకం పోయినట్టే. ఆయన మడిలో ఉన్నది వాళ్ల నాయన కాలం నాటి చామంతి. చిన్న పసుపు పువ్వు. బజారులో దాన్ని ఎవరూ అడగరు గానీ, మూరెడు కట్టి గుమ్మానికి వేస్తే పక్కింటివాళ్లు వచ్చి ఏం పూలని అడిగేవారు. అందరూ పెద్ద పువ్వుల రకాలకు పోయారు. ఇది ఇంకెవరి దగ్గరా మిగల్లేదు. ఆలూరులో ఆయన అల్లుడికి రెండెకరాలు ఉన్నాయి. వచ్చే వానలకు ఆడ వేస్తానని ఏటా అనేవాడు. అల్లుడు ఏటా టమాటా వేసేవాడు.

ఇక సారు, ఆ ఫాంహౌజు కొన్నాయన. సారు మంచివాడు. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను. చెడ్డవాడైతే మేము ముందే జాగ్రత్తపడేవాళ్లం. ఒక్కనాడు గొంతు పెంచి మాట్లాడలేదు. మమ్మల్ని మీరు అనేవాడు. కూర బాగుంటే వంటింట్లోకి వచ్చి చెప్పేవాడు. ఆయనకు ఒకటే పిచ్చి, సముద్రం. హాలులో ఆరడుగుల అద్దాల తొట్టి పెట్టించి, డబ్బాలలో వచ్చే సముద్రపు ఉప్పు మంచినీళ్లలో కలిపి, పైన నీలం లైట్లు వేసి, లోపల రాళ్ల మీద మెత్తని పగడాలు పెంచేవాడు. పగడమంటే ఉంగరంలో పెట్టుకునే ఎర్రరాయి అనుకునేదాన్ని. ఇవి రాళ్లు కావు. ఒకటి గుత్తులు గుత్తులుగా ఊగేది. ఇంకొకటి, అన్నిటికన్నా పెద్దది, మా చేలల్లో వానకు లేచే కుక్కగొడుగులా ఉండి, గొడుగు మీద వేల సన్న వేళ్లు చాపి ఆడించేది.

“ఇవి మొక్కలు కాదు పెంటయ్యా, జంతువులు,” అన్నాడు సారు.

బాపు అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. “జీవమంటున్రు. మరి నోరేది సారు?”

“ఆ సన్నటివి ఉన్నాయి చూడండి, ఒక్కోదానికి మధ్యలో ఒక్కో నోరు.”

“అన్ని నోర్లా!” బాపు నావైపు తిరిగాడు. “సూస్తివా పిల్లా, గిన్ని నోర్లుండి ఒక్కటి గూడ అర్వదు. అచ్చం మా అన్నదమ్ముల లెక్కనే ఉన్నయ్.”

సారు నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడు అది నవ్వే మాటే.

తొట్టికి ప్రతి ఆదివారం పది బకెట్ల పాత నీళ్లు తీసి కొత్తవి పోయాలి. తీసినవి గడ్డిలో పోసేయమన్నాడు సారు. అంతే, బాపు అగ్గైపోయాడు. చేతిలో బకెట్టు నేలకు కొట్టినంత పనిచేశాడు. “ఉప్పునీళ్లు మట్టిల వొయ్యాల్నా? సారు, మీరు సదువుకున్నోళ్లు, నాకు తెల్వదు గని, భూమి ఒక్కపారి చౌడైతే దానికి ఏ దవాఖాన్ల మందు లేదు. నా పాణం పోయినా నేను పొయ్య. నన్ను పనిలకెల్లి తీసేయిన్రి.” సారు మాత్రం చేతులు రెండూ ఎత్తి, “సరే సరే, మీరు చెప్పినట్టే. ఒక్క చుక్క కూడా మట్టిలో పడదు. మాట ఇస్తున్నాను,” అన్నాడు. గోడ వెనక పెద్ద నల్లబండ ఉండేది. ప్రతి ఆదివారం పొద్దున్నే నేనూ బాపూ బకెట్లు మోసుకెళ్లి ఆ బండ మీద పోసేవాళ్లం. ఎండకు నీళ్లు ఇంకిపోయి తెల్లటి పొర మిగిలేది. దాన్ని చీపురుతో ఊడ్చి బస్తాకెత్తేవాడు. మబ్బు పడితే చాలు, వాన కన్నా ముందు బండ దగ్గరికి ఉరికేవాడు, ఉప్పు కొట్టుకొచ్చి మట్టిలో కలుస్తుందని.

సారుకు ఆ పెద్ద కుక్కగొడుగును ముక్కలు చేసి పిల్లలు పెంచాలని ఉండేది. కోస్తే చావదట. ఎంత ముక్క కోస్తే అంత ముక్కా ఇంకో పగడం అవుతుందట. ఆ పెద్దదాన్ని మదర్ కాలనీ అనేవాడు.

“మదరంటే తల్లే గద సారు?” అన్నాడు బాపు. “అయితే మా మడి అసుంటిదే. తల్లిని కాపాడ్కుంటే పిలకలు అవే వస్తయ్.”

“ఎగ్జాక్ట్లీ పెంటయ్యా! సేమ్ ప్రిన్సిపుల్!” అన్నాడు సారు, ఎంతో సంతోషంగా. ఆ మాట గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకున్నాను. సారుకు తెలుసు. తల్లి మొక్క అంటే ఏమిటో ఆయనకు తెలియదని ఎవరూ అనడానికి లేదు.

సారు కోసిన ముక్కలు నిలవలేదు. విదేశాల నుంచి తెప్పించిన జిగురుతో రాయికి అంటించేవాడు. కోసినచోట దానికి బెండకాయలా జిగట ఊరేది, తెల్లారేసరికి ముక్క ఊడి పంపులో పడి నలిగిపోయేది. ప్లాస్టిక్ దారంతో కడితే దారం ముక్కను కోసేసేది. ఒకరోజు సారు ఆఫీసుకు పోతూ, “మీరొకసారి ట్రై చేయండి పెంటయ్యా,” అని పోయాడు. బాపు తలపాగా మడతలోంచి సగం విరిచిన బ్లేడు తీశాడు. చామంతి పిలకలు కోసే బ్లేడు అది, ఒకవైపు గుడ్డపీలిక చుట్టి ఉండేది. ఉడుకునీళ్లలో కడిగి, గొడుగు అంచు బొటనవేలంత కోశాడు. తెల్లగా ఏదో కారింది. నాకు ప్రాణం చివుక్కుమంది. కోసిన గాయం అట్లా వదిలేస్తారా ఎవరైనా? వంటింట్లోకి ఉరికి పసుపు డబ్బా తెచ్చాను. బాపు రెండు వేళ్లతో తీసి తల్లికింత, పిల్లకింత దట్టంగా అద్దాడు.

సాయంత్రం సారు వచ్చేసరికి తొట్టిలో నీళ్లు పులిహోర కలిపినట్టున్నాయి. కుక్కగొడుగు ముడుచుకుని పిడికిలంత అయింది. సారు తల పట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

“పసుపు తెచ్చింది ఈ పిల్లనే,” అన్నాడు బాపు.

“అద్దింది నువ్వు గద బాపు!”

“తేకుంటే అద్దుదునా?”

పది రోజులు అది తెరుచుకోలేదు. పది రోజులూ బాపు దాని ముందు నిలబడి, “అలిగింది సాలుగని, లే ఇగ,” అని తిట్టాడు. పదకొండో రోజు పాము కుబుసంలా పలచని పొర విడిచి, మళ్లీ వేళ్లు చాపింది. పసుపు వల్లనే బాగైందని బాపు చివరిదాకా వాదించాడు.

ఆ తరువాత ఆయనకు ఉపాయం తట్టింది. పూలు కట్టే ముడి. నూలుదారం తడిపి, గులకరాయి మీద ముక్కను పెట్టి, దండలో పువ్వును కట్టినట్టు రెండు చుట్లు తిప్పి వదులుగా బిగించాడు. నాకూ నేర్పాడు. నా ముడి గట్టిగా పడేది. “పట్టు, గొంతు పిస్కకు,” అనేవాడు. “పట్టుకున్నట్టు దానికి తెల్వాలె, దొరికిపోయినట్టు తెల్వొద్దు.” రెండు వారాలకు దారం దానంతట అదే చీకిపోయేది. అప్పటికి ముక్క రాయిని పట్టేసుకుని ఉండేది. ఆ చలికాలానికి తొట్టి అడుగున వరుసగా పిల్ల కుక్కగొడుగులు, ఒక్కోటి అంగుళమంత, బడిలో కూర్చున్నట్టు కూర్చున్నాయి. ఇప్పటికీ నేను పూలు కడితే వేళ్లకు ఆ మాటే గుర్తొస్తుంది.

ఒక ఆదివారం సారు లాంటి పగడాల పిచ్చివాళ్లు పట్నం నుంచి పదిమంది వచ్చారు. చాయ్ తీసుకెళ్లినప్పుడు విన్నాను. “ఇది నేను డెవలప్ చేసిన థ్రెడ్ మెథడ్,” అంటున్నాడు సారు. బాపు అక్కడే బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒకాయన ఈయనెవరని అడిగితే, “మా గార్డెనర్, నీళ్లు మోస్తాడు,” అన్నాడు. ట్రే బల్ల మీద పెట్టిన విసురుకు కప్పులు గలగలమన్నాయి. వంటింట్లోకి రాగానే బాపు మీద పడ్డాను.

“నీది గద బాపు ఆ ముడి! ఎందుకు నోరిప్పలే?”

“పేరు వోతే పోనీ పిల్లా. పేరుకు పిలకలు మొలుస్తయా?” చాయ్ ఊదుకుంటూ అన్నాడు. “నోరు ఊకె పారేస్కునేది కాదు. ఏడ తెర్వాలెనో ఆడ తెర్వాలె. నా మడికి ఏమన్న అయిననాడు సూడు, నా నోరు ఎంతుంటదో.”

ఆ రోజు వచ్చింది. ఆయన అక్కడ లేడు. నేనున్నాను.

కంపెనీవాళ్లు సారును బెంగుళూరుకు బదిలీ చేశారు. మంచి ఎండాకాలం. ఇంకో నెలలో వానలు, పిలకలు లేచే టైము. ఆలూరులో బాపు కూతురి కొడుక్కి పుట్టువెంట్రుకలని మూడు రోజులు పోవాల్సివచ్చింది. పోయే ముందు తొట్టి సంగతి సారును అడిగాడు. “తొట్టి నీళ్లు మీరు వచ్చాకే తీయిస్తాను, ఫికర్ చేయకండి,” అన్నాడు సారు. గేటు దాటుతూ నాతో, “మడి పైలం పిల్లా,” అన్నాడు బాపు. మరునాడే సామాన్ల లారీ వచ్చింది, చెప్పిన దానికి రెండు రోజుల ముందు. సారు పగడాలను ఒక్కొక్కటే సంచిలో పెట్టి, థర్మోకోల్ పెట్టెల్లో సర్ది, తల్లి కుక్కగొడుగు ఉన్న పెట్టెను కారు ముందు సీటులో పెట్టి బెల్టు కట్టాడు. దానికి గాలి ఆడటానికి బ్యాటరీతో నడిచే పంపు. ఏసీ ముందే వేసి ఉంచాడు.

లారీవాళ్లు తొట్టిలో పైపు వేసి కిటికీలోంచి వరండాలోకి వదిలారు. పొద్దున్నే నేను తుడిచిన వరండా అది. నీళ్లు పారి, అక్కడ పెట్టిన అట్టపెట్టెల దగ్గరికి వస్తున్నాయి. సారు ఫోనులో ఉన్నాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకునే, “అంజమ్మా, బాక్సులు తడుస్తాయి, పైపు కిందికి వదలండి,” అన్నాడు.

కింద మడి. నేను పైపు ఎత్తాను. “సార్,” అన్నాను. నా నోట్లోంచి వచ్చింది ఆ ఒక్క మాటే. ఆయన నేను చూస్తున్న వైపు చూశాడు. మడిని చూశాడు. ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, “ఒక్కసారే కదమ్మా, ఏం కాదు,” అన్నాడు. నేను పైపు వదిలాను. శేరు బియ్యం ఉడికేంతసేపు పారాయి ఆ నీళ్లు. మధ్యలో పైపుకు మెలిక పడి నీళ్లు ఆగితే, పోయి మెలిక విప్పింది కూడా నేనే. ఎందుకు విప్పాను? ఎవరూ చెప్పలేదు. నీళ్లు ఆగితే పని ఆగుతుందని, పని ఆగితే సారుకు కోపం వస్తుందని. ఏనాడూ కోపం చేయని మనిషి కోపానికి భయపడి విప్పాను. నా మీద నాకున్న మంట ఇన్నేళ్లయినా ఆరలేదు.

బాపు మూడో రోజు వచ్చాడు. తువాలు మూటలో నాకోసం గారెలు తెచ్చాడు. మడి దగ్గర ఆగాడు. ఆకులు ఉడికించినట్టు వాడి నేలకు అంటుకుపోయాయి. మట్టి మీద తెల్లగా పొర కట్టింది. వంగి చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఉమ్మలేదు. మింగాడు. నేను తిట్ల కోసం ఎదురుచూశాను. బియ్యం నీళ్ల కోసం అంత తిట్టిన మనిషి ఇప్పుడు ఎంత తిడతాడో అని. తిట్టలేదు.

“సారే వదలమన్నడు బాపు,” అన్నాను.

“సారు చెప్పిండు. సరే. చెయ్యి నీదే, అదీ సరే. గని నీ నోరేడ వోయింది బిడ్డా?”

అప్పటిదాకా నన్ను పిల్లా అనేవాడు. బిడ్డా అనడం అదే మొదలు. తిట్టినా బాగుండేది.

జానెడు లోతు మట్టి చెక్కేశాడు. బోరు నీళ్లు వస్తే చాలు, మడి నింపి కడిగాడు. సారు పోయాక వంట పని లేదు, నేనూ నీళ్లు మోశాను. మొక్క పట్టుకుంటే వేర్లు నల్లగా చేతిలోకి వచ్చేవి. వానలు పడ్డాయి. గోడ పక్కన గడ్డి లేచింది, పిచ్చిమొక్కలు లేచాయి, మడిలో ఒక్క పిలక లేవలేదు. బాపు మా ఆయన ఫోను తీసుకుని సారుకు చేశాడు. నేను పక్కనే ఉన్నాను, స్పీకరులో అన్నీ వినబడ్డాయి.

“అయ్యో, సారీ పెంటయ్యా. చామంతులేగా, ఇక్కడ నర్సరీలో చాలా మంచి వెరైటీలు ఉన్నాయి, పంపిస్తాను.”

బాపు అడిగాడు. “మీ తల్లి కుక్కగొడుగు బతికిందా సారు?”

“ఓ, సూపర్! రెండో రోజే ఓపెన్ అయింది.”

“మంచిది,” అని ఫోను నాకిచ్చాడు.

ఆ మాటకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తన తల్లిని చంపినవాడి తల్లి బాగుందా అని అడిగాడు ఆయన. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. దాన్ని తిట్టి తిట్టి పెంచింది ఆయనే కదా. సారుకు మాత్రం ఆ మడి గురించి ఇంకొక్క మాట అడగాలని తోచలేదు. మొక్కలు రాలేదు. వచ్చినా బాపు తీసుకునేవాడు కాదు. ఆ దసరా వెళ్లాక ఆయన ఆలూరు పోయాడు. అల్లుడు ఎట్టకేలకు రెండు సాళ్లు ఇస్తే పెద్ద పువ్వుల చామంతి వేశాడు. ఒకసారి చూడబోతే, “లావుగున్నయ్, వాసన లేదు, మనూళ్ల లీడర్ల లెక్కనే,” అని తిట్టాడు. తిట్టాడని నాకు సంతోషమైంది. నాలుగేళ్ల కింద పోయాడు. నా పూలదండ నేనే కట్టి తీసుకుపోయాను. గొంతు పిసకకుండా కట్టాను.

ఇక మొన్నటి సంగతి. ఆవిడ మల్లెపొద మీదికి బకెట్టు ఎత్తగానే నేను దూది ఉమ్మేసి అరిచాను. “ఆగు! కింద పెట్టు!” నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. రోడ్డు మీద పోయే ఆటో ఆగింది.

ఆవిడ బెదిరిపోయింది. “ఏమైందమ్మా? డాక్టర్ సారే గీడ పొయ్యమన్నడు.”

“సారు చెప్తడు. చెయ్యి నీది గద బిడ్డా. ఉప్పునీళ్లు పోస్తే సచ్చిపోతదని చెప్పనీకి ఆ మల్లెకు నోరు లేదు. నీకున్నది గద!”

డాక్టరు బయటికి వచ్చాడు. నా గడ్డం మీద, చీర మీద రక్తం. “నోరు తెరవొద్దన్నానా లేదా?” అని కసిరాడు. నేను మెట్లు దిగి బకెట్టు లాక్కుని నల్లబండ కోసం చూశాను. అక్కడ బండలు ఎక్కడివి, అన్నీ పగలగొట్టి ఇళ్లు కట్టేశారు. రోడ్డు దాటి సిమెంటు మోరీలో పోశాను. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. ఉమ్మలేదు, మింగాను. వెనక్కి వచ్చాక డాక్టరు కొత్త దూది పెడుతూ, ఇంకో అరగంట నోరు మూసుకుని కూర్చోమన్నాడు.

ఆ మల్లె దగ్గర మళ్లీ బకెట్టు ఎత్తకపోతే కూర్చుంటానన్నాను.